రేకు పొడవు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ: ఎన్‌కోడర్‌ను స్కోపుతో పట్టుకోవడం

మీరు చెప్పిందాన్ని బట్టి సంగతి ఇది. రాయగడలో కలర్ రేకుల మిషను. కొలత చక్రం చుట్టుకొలత 200 మిల్లీమీటర్లు, దానికి చుట్టుకు 600 పల్సులు ఇచ్చే ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో పల్సులుగా చెప్పేది), 24 వోల్టులు, ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ రకం. లైను వేగం నిమిషానికి 15 మీటర్లు. 12 అడుగుల రేకు ఒక్కోసారి అంగుళం ఎక్కువ, ఒక్కోసారి అర అంగుళం తక్కువ వస్తోంది. ఎన్‌కోడర్ ఇప్పటికే ఒకటి మార్చారు, తేడా పోలేదు. ఆ పల్సులు లెక్కపెట్టి లైనును ఆపే కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, కూడా కొత్తగా మార్చారు. గుణుపూర్ కాలేజీ నుంచి రెండు చానెళ్ల ఆసిలోస్కోపు (స్కోపు) రెండు రోజులకు తెచ్చుకున్నారు, ఏం చూడాలో తెలియడం లేదు.

స్కోపు పెట్టే ముందు టేపుతో పది నిమిషాల పని ఉంది. వరుసగా పది రేకులు కోసి, ప్రతిదాని పొడవు మిల్లీమీటర్లలో రాయండి. తర్వాత 6 అడుగులవి పది కోసి అవీ రాయండి. ఎటు తప్పుతోంది అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. పీఎల్‌సీకి పల్సులు తక్కువ చేరితే, ఇంకా రేకు రావాలనుకుని లైను నడుపుతుంది, రేకు పొడుగవుతుంది. చక్రం జారినా ఇదే ఫలితం. లేని పల్సులు లెక్కలో పడితే త్వరగా ఆపేస్తుంది, రేకు పొట్టిదవుతుంది. 6 అడుగులకూ 12 అడుగులకూ ఒకే తేడా, అంటే రెండింటికీ 8 మిల్లీమీటర్లే ఎక్కువ వస్తే, అది లైను ఆగడంలో ఆలస్యం. ఎన్‌కోడర్ జోలికే పోవద్దు, మోటారును నడిపే డ్రైవ్ లైను ఆపే సమయం చూడండి. 12 అడుగులకు తేడా రెట్టింపైతే చక్రం అరిగింది, లేదా పీఎల్‌సీలో వేసిన చుట్టుకొలత తప్పు. చక్రం వ్యాసంలో అర మిల్లీమీటరు అరిగితే చాలు, 12 అడుగుల రేకు దాదాపు 29 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. మీకు రెండు వైపులా తప్పుతోంది కాబట్టి ఒకే కారణం ఉందని అనుకోవద్దు. ఎక్కువ రావడానికి ఒకటి, తక్కువ రావడానికి మరొకటి ఉండొచ్చు. ఎన్‌కోడర్ మార్చినా తేడా పోలేదంటే నా అనుమానం వైరింగు మీద, చక్రం మీద, పీఎల్‌సీ సెట్టింగు మీద.

మీ చక్రంతో లెక్క సులువు. 200 మిల్లీమీటర్లకు 600 పల్సులు, అంటే మిల్లీమీటరుకు 3. ఎన్‌కోడర్ నుంచి ఏ, బీ అని రెండు సిగ్నళ్లు కొంచెం ముందూ వెనకగా వస్తాయి. ఆ రెండింటి అంచులూ లెక్కపెట్టే పద్ధతిలో మిల్లీమీటరుకు 12. అంగుళం తేడా అంటే 305 లెక్కలు పోయాయన్నమాట. ఒకటి రెండు పల్సులు అటూ ఇటూ పోతే రేకు మీద కనిపించదు. స్కోపులో ఎప్పుడో ఒక చిన్న ముల్లు, అంటే క్షణంలో లేచి పడే దొంగ పల్సు (స్పైక్), కనిపించగానే దొరికిందనుకోకండి. నిమిషానికి 15 మీటర్లంటే సెకనుకు 250 మిల్లీమీటర్లు, 750 పల్సులు. ఒక్కో పల్సు 1.33 మిల్లీసెకన్లు. ఏ అంచుకూ బీ అంచుకూ మధ్య 333 మైక్రోసెకన్లు. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకు అంటించండి, మిగతా కొలతలన్నీ వీటితోనే పోల్చుతాం.

ఇక స్కోపు క్లిప్పు సంగతి. ప్రోబుకు వేలాడే నల్ల క్లిప్పు స్కోపు లోపల నేరుగా మెయిన్స్ ఎర్తుకు కలిసి ఉంటుంది. రెండు ప్రోబుల క్లిప్పులూ లోపల ఒక్కటే. కాబట్టి దాన్ని 24 వోల్టుల సప్లై సున్నాకు, అంటే ఎన్‌కోడర్ నీలం వైరుకు తప్ప ఇంకెక్కడా తగిలించొద్దు. తగిలించే ముందు ఆ సున్నాకూ ఎర్తుకూ మధ్య మల్టీమీటరు పెట్టి డీసీ, ఏసీ రెండూ చూడండి. సప్లై ఎర్త్ చేయకుండా వదిలేస్తే మీటరు 50, 80 వోల్టుల ఏసీ చూపించడం మామూలే. అది సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీ. అదేనా కాదా తేలాలంటే మీటరు కొసల మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. రీడింగు ఒకటి రెండు వోల్టులకు పడిపోతే లీకేజీ. పడకపోతే ఎక్కడో నిజంగా వైరు తగిలింది, అది సరిచేసేదాకా క్లిప్పు పెట్టొద్దు. డ్రైవ్ మోటారు టెర్మినళ్ల దగ్గరికి, డీసీ బస్ దగ్గరికి మామూలు ప్రోబు తీసుకెళ్లొద్దు. స్కోపు ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేయమని ఎవరైనా చెబితే వినొద్దు. ప్రాణం మీదికి వస్తుంది, స్కోపు కాలేజీ వాళ్లది కూడా.

ప్రోబు మీద చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని 10ఎక్స్‌లో పెట్టి, స్కోపు మెనూలో ఆ చానెల్‌కూ 10ఎక్స్ పెట్టండి. రెండూ ఒకటి కాకపోతే 24 వోల్టులు 2.4గా కనిపిస్తాయి, సప్లై పోయిందని కంగారు పడతారు. స్కోపు ముందున్న 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం పిన్నుకు ప్రోబు పెట్టి, మూలలు గుండ్రంగానూ ముక్కులుగానూ లేకుండా చదునుగా వచ్చేదాకా ప్రోబు మీది మర తిప్పండి. ఇది చేయకపోతే తర్వాత అంచుల ఆకారం గురించి చెప్పేదంతా వృథా.

చానెల్ 1 నల్ల వైరుకు, అంటే ఏ. చానెల్ 2 తెల్ల వైరుకు, అంటే బీ. ఓమ్రాన్, ఆటోనిక్స్ ఎన్‌కోడర్లలో గోధుమ రంగు ప్లస్, నీలం సున్నా, నలుపు ఏ, తెలుపు బీ, నారింజ జెడ్ (చుట్టుకు ఒక్కసారే వచ్చే పల్సు). చవక చైనా 600 పల్సుల రకంలో ఎరుపు ప్లస్, నలుపు సున్నా, ఆకుపచ్చ ఏ, తెలుపు బీ అని వస్తుంది. ఒకదానిలో సిగ్నల్ అయిన నలుపు ఇంకోదానిలో సున్నా. రంగు చూసి కాకుండా లేబుల్ చూసి కలపండి. మధ్యలో జాయింటు వేసినప్పుడు దొరికిన వైరు కలిపేస్తారు, రంగు అక్కడే మారిపోతుంది. అందుకని కొలత ఎన్‌కోడర్ దగ్గర మొదలుపెట్టొద్దు, పీఎల్‌సీ టెర్మినల్ మీదే మొదలుపెట్టండి. పీఎల్‌సీకి ఏది అందుతోందో అదే మనకు ముఖ్యం. అక్కడ బాగుంటే వైరు మొత్తం బాగున్నట్టే.

రెండు చానెళ్లూ గడికి 10 వోల్టులు, డీసీ కప్లింగ్. ఏసీ కప్లింగ్ పెడితే నెమ్మదిగా తిరిగేటప్పుడు చదరపు తరంగం వాలిపోయి, లేని లోపం కనిపిస్తుంది. ఒక గీతను తెర పై సగంలో, ఇంకోదాన్ని కింది సగంలో సర్దండి. ట్రిగర్, అంటే స్కోపు గీత గీయడం మొదలుపెట్టే షరతు: చానెల్ 1, పైకి వెళ్లే అంచు, మట్టం 12 వోల్టులు, మోడ్ ఆటో కాదు, నార్మల్. ఆటోలో ఉంటే పల్సు రానప్పుడు స్కోపు తనంతట తానే గీతలు గీసి మనల్ని తికమకపెడుతుంది. సమయం గడికి 500 మైక్రోసెకన్లు.

ముందు లైను ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి. ఈ ఒక్క పనికి సమయాన్ని గడికి 50 మిల్లీసెకన్లు చేయండి. రెండు గీతలూ కింద అర వోల్టు దగ్గరికి, పైన 24 దగ్గరికి పూర్తిగా వెళ్లాలి. కింది మట్టం 2, 3 వోల్టుల దగ్గర ఆగితే నీలం వైరులో ఎక్కడో వదులు జాయింటు ఉంది, లేదా ఎన్‌కోడర్ లోపలి ట్రాన్సిస్టర్ చచ్చిపోతోంది. నీలం వైరు రెండు కొసల మధ్య వోల్టేజీ చూస్తే ఏదో తేలిపోతుంది.

గీత అసలు పైకే లేవకపోతే ఎన్‌కోడర్ పోయిందనుకోవద్దు. ఓపెన్ కలెక్టర్ అంటే అది వైరును కిందికి లాగగలదు గానీ పైకి లేపలేదు. పైకి లాగేది పీఎల్‌సీ ఇన్‌పుట్. ఎన్‌కోడర్‌ను పీఎల్‌సీ నుంచి విప్పి బల్ల మీద పెట్టి పరీక్షిస్తే గాలిలో వేలాడే గీత తప్ప ఏమీ కనిపించదు. మంచి ఎన్‌కోడర్లు ఇలాగే చెత్తబుట్టలోకి పోతుంటాయి. మీరు పాతదాన్ని పారేయకుండా ఉంచి ఉంటే, ఏ నుంచి ప్లస్‌కు, బీ నుంచి ప్లస్‌కు ఒక్కో 2.2 కిలో ఓమ్ రెసిస్టర్, అర వాట్‌ది, పెట్టి మళ్లీ చూడండి. 24 వోల్టులకు దానిలో 11 మిల్లీఆంపియర్లు పారి పావు వాట్ దాటుతుంది, కాబట్టి పావు వాట్ రెసిస్టర్ చాలదు. పీఎల్‌సీ వైపు ఇన్‌పుట్ కామన్ 24 వోల్టుల ప్లస్‌కు ఉండాలి, సున్నాకు ఉంటే ఎన్‌పీఎన్ పనిచేయదు.

ఇప్పుడు లైను నడపండి. ఏ అంచు తర్వాత బీ అంచు పావు పల్సు దూరంలో రావాలి. లైను వేగం కొంచెం ఊగుతూనే ఉంటుంది కాబట్టి మైక్రోసెకన్లు కాకుండా నిష్పత్తి చూడండి: ఏ పైకి లేచిన చోటి నుంచి బీ పైకి లేచిన చోటికి దూరాన్ని అదే పల్సు మొత్తం పొడవుతో భాగించండి. 0.25 వస్తే 90 డిగ్రీలు. 70 నుంచి 110 దాకా ఉంటే నిద్రపోవచ్చు. 45కు దిగితే పీఎల్‌సీకి అంచులు వేరుచేయడం కష్టమవుతుంది. ఇక్కడ పర్సిస్టెన్స్‌ను (పాత గీతలు తెర మీద చెరగకుండా ఉంచే సెట్టింగు) అనంతంగా పెట్టి ఒక నిమిషం వదిలేయండి. బీ అంచు ఒక సన్నని గీతగా ఉంటే బేరింగు, డిస్కు బాగున్నాయి. మందపాటి పట్టీగా పరుచుకుని, చక్రం తిరిగే లయలోనే అటూ ఇటూ ఊగితే షాఫ్టు వంగింది లేదా కప్లింగ్ బిగుసుకుని ఎన్‌కోడర్ బేరింగును లాగుతోంది. ప్రతి చుట్టుకూ ఒకే చోట పల్సు సన్నబడితే లేదా మాయమైతే లోపలి డిస్కు మీద నూనో తేమో చేరింది. నాగావళి ఒడ్డు ఊళ్లలో వానాకాలం ఉదయాన్నే చల్లటి మిషను మీద తేమ పడుతుంది. మొదటి గంట తప్పి, ఎండెక్కాక సరైపోయే మిషను అయితే ముందు ఇదే చూడండి.

అంచుల ఆకారం గురించి ఒక మాట. ఓపెన్ కలెక్టర్‌లో కిందికి దిగే అంచు నిటారుగా, పైకి లేచే అంచు కాస్త వంపుగా ఉండటం సహజం. 20 మీటర్ల కేబుల్‌కు సుమారు 2 నానోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 4.7 కిలో ఓమ్ పుల్‌అప్‌తో (వైరును పైకి లాగే రెసిస్టర్) అది పైకి లేవడానికి 20 మైక్రోసెకన్లు పడుతుంది. మీ 333 మైక్రోసెకన్ల ముందు అది లెక్కలోకి రాదు. కానీ నెమ్మదిగా లేచే అంచు మీద చిన్న నాయిస్ పడితే, మట్టాన్ని ఒకసారికి బదులు మూడుసార్లు దాటుతుంది. పొట్టి రేకు కథ తరచుగా ఇక్కడే మొదలవుతుంది. 2.2 కిలో ఓమ్ అదనంగా పెడితే అంచు సుమారు 7 మైక్రోసెకన్లకు దిగుతుంది. చవకైన మందు.

అసలు వేట ఇప్పుడు. ఇంతవరకూ చూసిందంతా బాగానే ఉండొచ్చు. ఎందుకంటే మామూలుగా తెర మీద చూసే పది పల్సుల్లో లోపం ఉండదు, కోత పడే క్షణంలో ఉంటుంది. స్కోపులో పల్స్ విడ్త్ ట్రిగర్ తీసి, చానెల్ 1 మీద 100 మైక్రోసెకన్లకంటే తక్కువ వెడల్పు ఉన్న పల్సు దొరికితేనే ఆగమని పెట్టండి. పూర్తి వేగంలో మీ నిజమైన పల్సు పై భాగం 667 మైక్రోసెకన్లు. 100కు లోపు వచ్చేది ఏదైనా దొంగ పల్సే. నార్మల్ మోడ్‌లో ఉంచి, ఇరవై రేకులు కోయండి. స్కోపు ఆగిన ప్రతిసారీ ఆ క్షణంలో మిషను ఏం చేస్తోందో ఆపరేటర్‌ను రాయమనండి. పక్కపక్కనే తెలుగూ ఒడియా కలిపి రాసినా ఫరవాలేదు, కోత మొదలా, కోత వదలడమా, లైను మొదలా అన్నది తెలిస్తే చాలు. పైకి ముల్లు ఒకటైతే, పై మట్టం నుంచి కిందికి పడే ముల్లు ఇంకొకటి. ట్రిగర్‌ను నెగెటివ్ పల్సుకు మార్చి అదే మళ్లీ చేయండి. తర్వాత చానెల్ 2 మీద కూడా.

స్కోపులో ఈ ట్రిగర్ లేకపోతే పీక్ డిటెక్ట్ (సన్నని ముల్లును కూడా వదలకుండా చూపించే మోడ్) పెట్టండి. మామూలు మోడ్‌లో గడికి 100 మిల్లీసెకన్లు పెడితే, తక్కువ మెమరీ ఉన్న స్కోపు 100 మైక్రోసెకన్లకు ఒకసారి మాత్రమే చూస్తుంది, 10 మైక్రోసెకన్ల ముల్లు దానికి తెలియకుండానే దాటిపోతుంది.

ముల్లు దొరికాక అది నిజమా, ప్రోబు పట్టిందా అన్నది తేల్చాలి. ప్రోబు మొనను తీసి దాని క్లిప్పు పెట్టిన చోటే, ఆ సున్నాకే తాకించండి. అప్పుడు కూడా అదే ముల్లు కనిపిస్తే అది సిగ్నల్‌లో లేదు, 15 సెంటీమీటర్ల క్లిప్పు వైరు యాంటెన్నాలా పట్టుకుంటోంది. ప్రోబు పెట్టెలో వచ్చే చిన్న స్ప్రింగు వాడి మళ్లీ చూడండి. ఈ పరీక్ష చేయకుండా నాయిస్ వెనక పరుగెత్తి కేబుల్ అంతా మార్చిన వాళ్లు చాలామందే ఉంటారు.

ముళ్లు ఒకదాని వెనక ఒకటి సమాన దూరంలో వరుసగా ఉంటే డ్రైవ్ పని. దూరం 125 మైక్రోసెకన్లైతే క్యారియర్, అంటే డ్రైవ్ లోపల స్విచ్ అయ్యే ఫ్రీక్వెన్సీ, 8 కిలోహెర్ట్జ్. డ్రైవ్‌లో క్యారియర్‌ను 4కు తగ్గించి చూడండి. దూరం 250కి మారితే ఇక సందేహం లేదు. ఎన్‌కోడర్ కేబుల్ మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పోతుంటే 300 మిల్లీమీటర్లు దూరం జరపండి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. షీల్డును ప్యానెల్ వైపు ఒక్క కొసనే, పొట్టిగా, వెడల్పు క్లాంపుతో ఎర్తు చేయండి. తోకలా పొడుగ్గా పేనిన షీల్డు వైరు దాదాపు దండగ.

ముల్లు ఒక్కటే వచ్చి, అదీ కోత వాల్వు వదిలినప్పుడే వస్తే హైడ్రాలిక్ సొలెనాయిడ్ కాయిల్. 24 వోల్టుల డీసీ కాయిల్ అయితే కాయిల్ మీదే 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్‌కు. డయోడ్ పెడితే వాల్వు వదలడం కొంచెం ఆలస్యమవుతుంది, బ్లేడు పైకి రాకముందే లైను కదలకుండా ఆ సమయం ప్రోగ్రాములో సరిచూసుకోండి. 230 వోల్టుల ఏసీ కాయిల్ అయితే డయోడ్ పెట్టకూడదు, 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ వరుసగా కలిపి కాయిల్ మీద పెట్టండి. అదే వేళ చానెల్ 2ను 24 వోల్టుల మీద పెట్టి, 20 కిందికి దిగితే ట్రిగర్ అయ్యేలా చూడండి. వాల్వు, ఎన్‌కోడర్ ఒకే సప్లై మీదుంటే వాల్వు లాగినప్పుడు వోల్టేజీ కుంగి, పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు చాలకపోయి పల్సులు పోవచ్చు. ఎన్‌కోడర్‌కూ ఇన్‌పుట్లకూ వేరే చిన్న సప్లై పెడితే వదిలిపోతుంది.

కోత పడేటప్పుడు ఇంకో చిత్రం కనిపించొచ్చు: ఏ గీత నాలుగైదు సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది, బీ కదలకుండా ఉంటుంది. ఇది నాయిస్ కాదు. బ్లేడు తగిలినప్పుడు రేకు వెనక్కీ ముందుకీ అదిరి, చక్రం సరిగ్గా అంచు మీద ఊగుతోంది. రెండు ఫేజులు లెక్కపెట్టే కౌంటర్ ఒకటి కలిపి ఒకటి తీసేసి సమం చేసుకుంటుంది. ఏ ఒక్కటే లెక్కపెట్టేలా ప్రోగ్రాము ఉంటే ప్రతి ఊగునూ ముందుకు నడకగానే రాసుకుంటుంది. తర్వాతి రేకు పొట్టిదవుతుంది. మీ పీఎల్‌సీ కొత్తగా మార్చారని రాశారు, ప్రోగ్రాము రాసినవారిని ముందు ఇదే అడగండి.

పీఎల్‌సీ టెర్మినల్ మీద అంతా శుభ్రంగా ఉండి, అయినా పల్సులు తక్కువ పడుతుంటే ఇన్‌పుట్ ఫిల్టర్ చూడాలి. సీమెన్స్ ఎస్7-1200లో ఇన్‌పుట్ ఫిల్టర్ ఫ్యాక్టరీ నుంచి 6.4 మిల్లీసెకన్లకు ఉంటుంది, అంటే 78 హెర్ట్జ్ దాటితే చూడదు. మీ చక్రానికి అది నిమిషానికి ఒకటిన్నర మీటరు. చేత్తో తిప్పితే చక్కగా లెక్కపడుతుంది, లైను నడిపితే తప్పుతుంది. హైస్పీడ్ కౌంటర్‌ను ప్రోగ్రాములో పెట్టినంత మాత్రాన ఫిల్టర్ దానంతట అది తగ్గదు, ఏ, బీ ఇన్‌పుట్లకు విడిగా 0.1 మిల్లీసెకన్లకు దించాలి. పల్సులు దాటిపోతాయి, ముళ్లు ఆగిపోతాయి.

చివరగా, సిగ్నల్ బాగుండి పీఎల్‌సీ కూడా బాగుంటే తప్పు చక్రానిది. దీనికి జెడ్ వాడండి. చానెల్ 1 నారింజ వైరుకు, చానెల్ 2 ఏకు. ఒక చుట్టు మీ వేగంలో 0.8 సెకన్లు. గడికి 100 మిల్లీసెకన్లు పెట్టి, మెమరీ ఎక్కువ పెట్టి, సింగిల్‌లో పట్టుకోండి. రెండు జెడ్ పల్సుల మధ్య ఏ పల్సులు 600 ఉండాలి. చేత్తో లెక్కపెట్టక్కర్లేదు, స్కోపు ఏ ఫ్రీక్వెన్సీ సరాసరిని జెడ్ మధ్య సమయంతో గుణించి చూడండి. వేగం స్థిరంగా ఉన్నప్పుడు చేస్తే ఒకటి రెండు పల్సుల లోపు దొరుకుతుంది. 600 ఉంటే ఎన్‌కోడర్ నిర్దోషి. అప్పుడు షాఫ్టు మీద, కప్లింగ్ మీద, చక్రం మీద కలిపి ఒకే అడ్డగీత రంగుతో గీసి పూట నడపండి. గీత విడిపోయిన చోట గ్రబ్ స్క్రూ వదులైంది. గీత కదలకపోతే జారుడు చక్రానికీ రేకుకీ మధ్యే. కాయిల్ మీద వచ్చే నూనె తుడిచి, చక్రాన్ని నొక్కే స్ప్రింగు బిగించి, పది రేకులు మళ్లీ కొలవండి. ఎక్కువగా రేకు చివరి కొస చక్రం దగ్గరికి వచ్చినప్పుడు, లైను ఒక్కసారిగా అందుకున్నప్పుడు జారుతుంది. డ్రైవ్ వేగం అందుకునే సమయాన్ని అర సెకను పెంచితే తేడా తెలుస్తుంది.

స్పేర్ ఎన్‌కోడర్ కొనేటప్పుడు పల్సుల సంఖ్య, అవుట్‌పుట్ రకం, షాఫ్టు మందం మూడూ పాతదాని లేబుల్ నుంచే రాసుకోండి. పెట్టాక లెక్క వెనక్కి నడిస్తే భయపడొద్దు. పీఎల్‌సీ దగ్గర నలుపు, తెలుపు వైర్లు అటుదిటు మార్చండి.